ఫిట్టరు యేసురత్నం చెవి

ఆదోని మార్కెట్ యార్డు వెనక సందుల్లో "ఫిట్టరు రత్నమన్న ఇల్లు యాడ?" అని అడిగితే గోలీలాడే పిల్లలు కూడా ఆట ఆపకుండానే వేలు చూపిస్తారు. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల వసారా. వసారాలో ఒక చెక్క బల్ల, దానికి బిగించిన వైసు, గోడకు వరసగా వేలాడే స్పానర్లు. మిక్సీ పొగ కక్కినా, కుట్టుమిషను దారం తెంపినా, పొలంలో మోటారు మూలిగినా ఆ బల్ల మీదికి రావలసిందే. వచ్చినదాన్ని యేసురత్నం వెంటనే విప్పడు. ముందు నడిపించమంటాడు. కళ్లు మూసుకుని వింటాడు. మూరెడు ఇనుప చువ్వ తీసి ఒక కొస యంత్రం మీద, ఇంకో కొస చెవి వెనక ఎముక మీద ఆనిస్తాడు. అట్లా నాలుగు చోట్ల చూశాకే స్క్రూడ్రైవరు అందుకుంటాడు.

ఆ చువ్వ పత్తి జిన్నింగు మిల్లుది. ఆస్పరి దగ్గరి పల్లె నుంచి పదిహేనో ఏట ఆదోనికి వచ్చి, బుట్టలు మోసే పనిలో చేరినప్పుడు, పెద్ద ఫిట్టరు సాబు దాన్ని అతని చేతికిచ్చి పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్ను దగ్గర నిలబెట్టాడు.

"ఏం వినపడతాంది?"

"గరగర అంటాంది సాబూ."

"గరగర అన్నిటికీ ఉంటాది. గరగర మధ్యలో ఎప్పుడన్నా ఒకసారి టిక్కుమంటాది సూడు, దాన్ని విను. జబ్బు ఆడుంటాది."

యేసురత్నం విన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు వింటూనే ఉన్నాడు. ఒకే షెడ్డులో ఇరవై నాలుగు జిన్నులు. పక్కన నిలబడ్డ మనిషి నోరు తెరిస్తే పళ్లు కనిపించేవి గానీ మాట వినిపించేది కాదు. సైగలతోనే పని. కూలోళ్లందరూ చెవుల్లో పత్తి ఉండలు దోపుకునేవారు. యేసురత్నం దోపుకోలేదు. ఫిట్టరు చెవి మూసుకుంటే మిల్లు ఎట్లా నడుస్తుంది? గేటు దగ్గర సైకిలు దిగుతూనే "పదకొండో నంబరుకు రోలరు పట్టేస్తాంది, ఆపండి" అనేవాడు. ఆపి చూస్తే పట్టేసి ఉండేది. మిల్లు మూతపడి, షెడ్డు గోదాము అయ్యాక కూడా ఆ పేరు మిగిలింది. భార్య పోయి నాలుగేళ్లయింది. జుట్టు పోయింది, ఒక పన్ను పోయింది. చెవి మాత్రం ఉందనుకున్నాడు.

జయన్న వచ్చింది సంక్రాంతి సెలవులు అయిపోయిన తరువాతి సోమవారం. గాజులదిన్నె డ్యాం పక్క ఊరి మనిషి. గోనెగండ్లలో బస్సెక్కి, ఎమ్మిగనూరులో మారి, గుడ్డసంచి భుజాన వేసుకుని వచ్చాడు. అతనిదీ ఆ మిల్లే. జిన్నుకు పత్తి అందించే పని. పద్నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆ జిన్ను అతని ఎడమ చేతిని మణికట్టు దాకా తీసుకుంది. బెల్టు తోసేసి, రోలరును చేత్తో వెనక్కి తిప్పి, మనిషిని బయటికి లాగింది యేసురత్నం. ఆనాటి నుంచి జయన్నకు రత్నమన్న ఏది చెప్పినా అదే ఖాయం.

సంచిలోంచి నల్లగా, జిడ్డుగా, పిడికిలంత వస్తువు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏందప్పా ఇది? రుబ్బురోలుకు పుట్టిన పిల్లా?" అన్నాడు యేసురత్నం.

"నవ్వు, నవ్వు. చేపలు పట్టే రీలు ఇది. దీనికి నువ్వు పాణం పోయాల."

బళ్లారి నుంచి ఒక రిటైరైన సారు ఆదివారాలు డ్యాం మీదికి గాలం వేయడానికి వచ్చేవాడట. కళ్లు మసకబారి రావడం మానేసేటప్పుడు గెడ, రీలు జయన్నకే ఇచ్చి పోయాడు. వల విసరాలంటే రెండు చేతులు కావాలి. గెడకైతే ఒకటి చాలు. మొదలును ఎడమ చంకలో ఇరికించుకుని, మొండి చేత్తో అదిమిపట్టి, కుడిచేత్తో రీలు హ్యాండిలు తిప్పుతాడు. మూడేళ్లుగా అదే బతుకు. కొర్రమీను, వాలుగ, జెల్ల, ఏది పడితే అది డ్యాం రోడ్డు మీదే అమ్ముడుపోతుంది.

"ఇప్పుడేమయింది?"

"ముందుకు తిప్పితే బాగానే తిరుగుతాది. చేప గుంజిందంటే హ్యాండిలు వెనక్కి తిరుగుతాంది. మొన్న పెద్ద వాలుగ పడె. గిర్రున తిరిగి కొట్టె సూడు." కుడిచేతి కణుపులు చూపించాడు. వాచి, నల్లబడి ఉన్నాయి. "రెండు చేతులోడైతే అదిమి పట్టుకుంటాడు. నేను యాడ పట్టేది? పన్నుతోనా?"

"పట్టుకుంటే ఉండే పన్ను గూడా పోతాది. ఉండనీ, చూస్తా. నెలాఖరుకు రా."

"నెలాఖరు కాదన్నా." జయన్న గొంతు తగ్గింది. యేసురత్నం ముందుకు వంగి అతని పెదాలకేసి చూశాడు. అట్లా చూడటం ఈమధ్య అలవాటైంది, ఎందుకో తనకే తెలియదు. "ఆదివారం పొద్దున కూలోళ్లను తోలుకుపోయే మేస్త్రీ బండి వస్తాంది. మా తిప్పమ్మ గుంటూరు పక్క మిరపకాయలు కోసే పనికి పోతాంది. రీలు బాగుంటే నేను ఇంటి కాడ ఉంటా, పల్లవి నాతో ఉండి బడికి పోతాది. రీలు లేకుంటే ఎమ్మిగనూరులో మిల్లు కాడ నైట్ వాచ్‌మెన్‌కు రమ్మంటాండారు. రాత్రంతా ఆడుంటే పదేండ్ల ఆడబిడ్డను ఒక్కదాన్ని యాడ పెట్టేది? అమ్మతో బండెక్కాల్సిందే."

"వలసపోయేవాళ్ల పిల్లలకు హాస్టలు ఉంటాది గదా?"

"పోయినేడు పెడితిమి. నాలుగు దినాల్లో జరమొచ్చె. తిప్పమ్మ వచ్చి తోడుకోని పోయె. మూడు నెల్లు మిరప చేన్లోనే. ఎట్లనో ఐదో తరగతిలో కూర్చోబెట్టినాం. ఇంకోసారి పోతే ఇంక బడి కాదన్నా, అది కూలే."

యేసురత్నం రీలును చేతిలోకి తీసుకుని రెండుసార్లు వెనక్కి, ముందుకు తిప్పాడు. "శనివారానికి అయిపోతాది. ఆదివారం పొద్దున బండి కాడికి నేనే తెస్తా. పో, పాపకు చెప్పుకో."

ఆ రోజు మధ్యాహ్నమే ఇంట్లో ఒక గొడవ జరిగింది. కూతురు కవిత కాన్పుకని వచ్చి, ఎనిమిది నెలల పాపతో ఇంకా పుట్టింట్లోనే ఉంది. బీఎస్సీ చదివి ల్యాబులో పనిచేసిన పిల్ల. పాలపొడి డబ్బా కోసం అంగడికి పోతూ "కుక్కరు పెట్టినా నాయినా, మూడు విజిళ్లకు దించు" అని చెప్పి, పాపను కూడా ఎత్తుకుని పోయింది. వచ్చేసరికి వంటిల్లంతా మాడు వాసన.

"ఎన్ని వచ్చినాయి నాయినా?"

"ఒకటీ రాలేదు. రబ్బరు పోయినట్టుండాది, చూస్తా తే."

పక్కింటి సుభద్రమ్మ గోడ మీదినుంచి తొంగి చూసి నవ్వింది. "ఏడో ఎనిమిదో కూసింది ఫిట్టరయ్యా. మీ ఇంటికి రైలొచ్చిందేమో అనుకుంటి."

కవిత నవ్వలేదు. మాడిన గిన్నె పక్కన పెట్టి తండ్రి ముందు కూర్చుంది. "నాయినా, మిల్లు సద్దుకు చెవిలో సన్న శబ్దాలు వినే భాగం ముందు పోతాది. లారీ వినపడతాది, మోటారు వినపడతాది, విజిలు వినపడదు. కర్నూలుకు పోయి ఒకసారి చూపించుకుందాం."

"నా చెవికి పరీక్షా? ఈ ఊర్లో మోటార్లన్నిటికీ పరీక్ష పెట్టిన చెవి ఇది."

"అందుకే కదా పాపను నీ దగ్గర పండబెట్టి స్నానానికి గూడా పోలేకున్నా" అని నోరు జారింది కవిత. అని, కళ్లు దించుకుంది. యేసురత్నం లేచి వసారాలోకి పోయాడు. ఆ మాట మటుకు ఒక్క అక్షరం పోకుండా వినపడింది.

మంగళవారం రీలు విప్పాడు. పాత దినపత్రిక పరిచి, తీసిన ప్రతి ముక్కనూ తీసిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చాడు. పక్క మూతకు మూడు స్క్రూలు. లోపల గ్రీజు మైనంలా గడ్డకట్టి, దాన్లో డ్యాం ఇసుక. ఇత్తడి పళ్ల చక్రం బాగానే ఉంది. కిరసనాయిలులో కడిగి, పాత పళ్ల బ్రష్షుతో తోమి, చొక్కా అంచుతో తుడిచాడు. జబ్బు, దారాన్ని చుట్టే తిరుగుడు గిన్నె కింద దొరికింది. అక్కడ ఇరుసు చుట్టూ ఇంకో చిన్న పళ్ల చక్రం, దాని మీద పడే నాలుక లాంటి ఉక్కు ముక్క. సైకిలు ఫ్రీవీలులో ఉండే ఏర్పాటే. ముందుకు తిరిగితే నాలుక ఒక్కో పంటి మీదుగా జారి టిక్, టిక్ అని పడుతుంది. వెనక్కి తిప్పబోతే పంటికి అడ్డంపడి ఆపేస్తుంది. ఆ నాలుకను నొక్కిపట్టే సన్న రేకు స్ప్రింగు తుప్పు తిని రెండుగా విరిగిపోయింది. అంతే, ఇంకేమీ కాదు.

యేసురత్నానికి ప్రాణం లేచొచ్చింది. స్ప్రింగు ఒక్కటే కదా! కానీ అంత సన్నని, అంత గట్టి రేకు ఎక్కడ దొరుకుతుంది? గడియారం స్ప్రింగు వెడల్పు ఎక్కువ. బ్లేడు వంచితే విరుగుతుంది. చాలాసేపు ఆలోచించి బుధవారం పొద్దున ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

ఎమ్మిగనూరులో నాగేంద్ర అని మగ్గాల సామాను అమ్మేవాడు పాత పరిచయం. మగ్గంలో పడుగు దారాలు దూరే దువ్వెన ఉంటుంది, పన్నె అంటారు. దాని పళ్లు సన్నని ఉక్కు రేకులు. వంచితే వంగుతాయి, వదిలితే తిరిగి నిలుస్తాయి.

"పాత పన్నెలో రెండు పళ్లు పీకిస్తావా నాగేంద్రా?"

"ఏం ఫిట్టరన్నా, ఈ వయసులో మగ్గం పెడతాండావా? నేసేవాళ్లే ఇడిసిపెట్టి పోతాంటే!"

"చేపకు కళ్లెం వేస్తాండా."

"చేపకు కళ్లెం!" నాగేంద్ర పడీపడీ నవ్వి, రెండడిగితే ఆరు పీకి కాగితంలో చుట్టి ఇచ్చాడు. అతను వెనుదిరుగుతుంటే నాగేంద్ర ఏదో అన్నాడు, అంగట్లో వాళ్లంతా నవ్వారు. యేసురత్నం కూడా నవ్వాడు. ఏమన్నాడో తెలియలేదు.

గురువారం పొద్దున రేకును కత్తిరించి, రెండు కొసలూ నూనెరాయి మీద నున్నగా రుద్ది, పాత స్ప్రింగు వంపుకు సరిగ్గా వంచి కూర్చోబెట్టాడు. నాలుక మీద బొట్టు నూనె. గిన్నె బిగించి హ్యాండిలు తిప్పాడు. ముందుకు తిరిగింది. వెనక్కి తిప్పాడు. ఆగింది.

ఆగింది, కానీ సద్దు లేదు.

మళ్లీ తిప్పాడు. కళ్లు మూసుకున్నాడు. ఇనుప చువ్వ తెచ్చి రీలు మీద, చెవి వెనక ఎముక మీద ఆనించాడు. సందు చివర పోతున్న ట్రాక్టరు గుడగుడ వినిపించింది. రీలులోంచి ఏమీ రాలేదు. నాలుక పంటి మొదలు దాకా పడితే టిక్కుమనాలి. టిక్కుమనలేదంటే కొసన వేలాడుతున్నట్టు. చిన్నచేపకు ఆగుతుంది, పెద్దది గుంజితే జారిపోతుంది. మిల్లులో అట్లా సద్దు లేకుండా పడిన కొక్కేలు ఎన్ని జారిపోలేదు? మనిషి చేయి మళ్లీ దెబ్బతింటే? ఒంటి చేతివాడికి మిగిలిన ఆ ఒక్క చేయి?

రేకును ఇంకొంచెం వంచాడు. సద్దు రాలేదు. రెండో రేకు పక్కన జోడించాడు. రాలేదు. అప్పుడు నాలుకను విప్పి, కొసను ఆకురాయితో సన్నగా, ఉలిలా పదునుపెట్టాడు, పంటి మొదట్లోకి దిగాలని. మూడు గంటలు గడిచాయి. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. హ్యాండిలు బరువెక్కింది. అయినా లోపల మౌనమే. ఇంక బరువు పెట్టి చూడాల్సిందేననుకున్నాడు. దారం కొసను కిటికీ కడ్డీకి కట్టి, రీలును వైసులో బిగించి, రెండు చేతులతో హ్యాండిలు పట్టి ఒక్కసారి వెనక్కి గుంజాడు.

చేతికి తెలిసింది. ఏదో మెత్తగా తెగినట్టు తెలిసి, హ్యాండిలు అతని చేతుల్లో గిర్రున వెనక్కి తిరిగింది.

గిన్నె విప్పాడు. ఆ చిన్న పళ్ల చక్రం ఇత్తడిది కాదు, జింకు పోత. పదునైన నాలుక మొదట్లోకి ఉలిలాగే దిగి, మూడు పళ్లను వేరుతో సహా పెకలించింది. నాలుగోది చీలింది. పత్రిక మీద మూడు చిన్న ముక్కలు, చక్కెర పలుకులంత.

అప్పుడే కవిత పాపను భుజాన వేసుకుని వసారాలోకి వచ్చింది. "ఏం నాయినా, ఆపేసినావా? అప్పుడే అయిపోయిందా?"

"ఏంది?"

"అదే, రీలు. పొద్దున్నుంచీ టిక్కుటిక్కుమంటాండె కదా. గడియారం మాదిరి. పాప ఆ సద్దుకే నిద్రపోయె. ఇప్పుడు ఆగేసరికి లేచింది."

యేసురత్నం కూతురి ముఖంలోకి చూశాడు. "పొద్దున్నుంచీనా?"

"నువ్వు మొదటిసారి బిగించినప్పట్నుంచీ."

కవిత తండ్రి ముఖం చూసింది, పత్రిక మీది ముక్కలు చూసింది. ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏదన్నా అంటుందేమోనని ఎదురుచూశాడు. అనలేదు. పాపను ఇంకా దగ్గరికి హత్తుకుని లోపలికి పోయింది. అనివుంటే బాగుండేది.

మొదటి స్ప్రింగుకే సరిపోయింది. పొద్దున తొమ్మిదికే రీలు బాగైపోయింది. తరువాత మూడు గంటలూ అతను చేసిందంతా బాగున్నదాన్ని చంపడం.

శుక్రవారం వెల్డింగు అంగడికి తీసుకుపోయాడు. వాడు చక్రాన్ని వెలుతురుకు పట్టి చూసి తిరిగి ఇచ్చేశాడు. "జింకు తాతా. మంట చూపిస్తే నెయ్యి మాదిరి కారిపోతాది." లేతు మీద కొత్తది కోస్తారేమోనని అడిగితే, అంత చిన్న పళ్లు కోసే పనిముట్టు లేదన్నారు. పాత సైకిలు ఫ్రీవీలు తెచ్చి కొలిచాడు, రెండింతలు పెద్దది. శనివారం ఉక్కుపొడి కలిసిన రెండు ట్యూబుల జిగురు తెచ్చాడు. విరిగిన మూడు పళ్లనూ పట్టకారుతో ఒక్కొక్కటీ వాటి చోట పెట్టి అంటించాడు. ఒక పన్ను జారి కింద పడితే, మోకాళ్ల మీద వంగి నేలంతా వెతుక్కున్నాడు. కవిత వచ్చి పక్కన కూర్చుని ఆమె కూడా వెతికింది. ఆమెకే దొరికింది. నాలుక కొసను తిరిగి మొద్దు చేసి, ఒకే రేకు పెట్టి బిగించి, ఎండలో ఆరబెట్టాడు.

"టిక్కుమంటాందా?" అని సాయంత్రం కూతుర్నే అడిగాడు, మెల్లగా తిప్పుతూ.

"అంటాంది నాయినా." కాసేపాగి, "మూడు పళ్ల కాడ మాత్రం వేరే రకంగా అంటాంది" అంది.

ఆదివారం చర్చి మానేసి మొదటి బస్సుకు బయలుదేరాడు. ఎమ్మిగనూరులో మారి గోనెగండ్లలో దిగేసరికి రోడ్డు పక్కన మేస్త్రీ బండి నిలబడి ఉంది. మూటలు, బిందెలు, చాపలు, కోడి ఉన్న ఒక గంప, వాటి మధ్య జనం. ఇంజను అప్పటికే నడుస్తోంది. తిప్పమ్మ మూట కింద పెట్టి, బండి ఎక్కకుండా నిలబడి ఉంది. పక్కన పల్లవి, బడి యూనిఫాంలోనే. ఆదివారం యూనిఫాం ఎందుకేసుకుందని ఎవరూ అడగలేదు.

"వస్తావని తెలుసు! చెప్తి గదనే తిప్పమ్మా, రత్నమన్న మాట తప్పడని," అని జయన్న పరుగెత్తుకొచ్చాడు. వెంట తెచ్చుకున్న గెడకు రీలు బిగించి, దారం కొసను కరెంటు స్తంభానికి కట్టాడు. ఇరవై అడుగులు వెనక్కి నడిచి మొదలును చంకలో ఇరికించుకున్నాడు. తిప్పాడు. దారం బిగిసింది. గెడ వంగింది. పల్లవి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఆగుతాందన్నా! సూడు, ఆగుతాంది!"

"చాలప్పా, వదులు," అన్నాడు యేసురత్నం.

"వాలుగ ఇంకా గుంజుతాది." జయన్న ఇంకో రెండు చుట్లు బిగించి వెనక్కి ఒరిగాడు. హ్యాండిలు ఒక్క కుదుపు కుదిపి అతని కణుపుల మీద కొట్టి వెనక్కి తిరిగిపోయింది. గెడ నిటారుగా లేచింది. దారం మట్టిలో పడింది.

జయన్న చేయి విదిలించుకుంటూ యేసురత్నం వైపు చూశాడు.

"పాత పోత జయన్నా," అన్నాడు యేసురత్నం. "లోపల చక్రం పుచ్చిపోయింది. ఎవరు చేసినా ఇంతే."

"నువ్వేం చేస్తావులే అన్నా. దాని ఆయుస్సు అంతే." జయన్న గెడను మూడు ముక్కలుగా విప్పి, రీలును గుడ్డసంచిలో వేసుకున్నాడు. అతను ఏమాత్రం అనుమానపడలేదు. అది ఇంకా బరువనిపించింది.

తిప్పమ్మ మూట నెత్తికెత్తుకుంది. పల్లవిని పైకి ఎక్కించి తాను ఎక్కింది. మేస్త్రీ పేర్లు చదివాడు. ఇంజను సద్దు రెట్టింపయింది. బండి కదలబోతుండగా పల్లవి బండి అంచు పలక మీదినుంచి వంగి, యేసురత్నం వైపు చూస్తూ ఏదో అంది. పెదాలు కదిలాయి. ఇంజను హోరు మాత్రం కడుపులో దాకా వినపడింది. పిల్ల మళ్లీ అంది, ఇంకా వంగి, చేయి చాపి. యేసురత్నం ఊ అని తల ఊపాడు. పిల్ల ముఖం విచ్చుకుంది. వెనక్కి జరిగి అమ్మ పక్కన కూర్చుంది. బండి కర్నూలు రోడ్డెక్కింది.

జయన్నకు ఆ సాయంత్రం నుంచే ఎమ్మిగనూరులో డ్యూటీ. ఇద్దరూ ఒకే బస్సుకు స్టాపులో నిలబడ్డారు. జయన్న సంచి కింద పెట్టి అడిగాడు.

"నిజంగానే పోతావా అన్నా? లేక బిడ్డ మనసు కోసం తలూపితివా?"

"యాడికి?"

"పాప అడిగింది గదా నిన్ను."

యేసురత్నం రోడ్డుకేసి చూశాడు. "ఏమడిగింది? నాకు వినపడల్యా."

"బండి సద్దులో ఎవరికి వినపడతాదిలే."

అంతటితో ఆగిపోవచ్చు. ఆ మాట పట్టుకుని బస్సెక్కి ఆదోనికి పోయి, బల్ల ముందు కూర్చోవచ్చు. చెవిటి ఫిట్టరని ఊర్లో ఎవరికీ తెలియదు. కానీ పిల్లకు తాను ఏదో ఒప్పుకున్నాడు. అదేమిటో తెలియకుండా ఎట్లా పోవాలి?

"బండి సద్దు బాగా వినపడింది జయన్నా. పాప మాటే వినపడల్యా. సన్న సద్దులు నాకు వినపడవు."

"ఎప్పట్నుంచి?"

"తెలీదు."

జయన్న సంచికేసి చూశాడు. "దీన్ని చేసేటప్పుడు గూడానా?"

"దీన్ని చేసేటప్పుడు గూడా. గురువారం పొద్దునే బాగైపోయింది. టిక్కుమంటాంటే నాకు వినపడక, ఇంకా బిగించి, ఇంకా అరగదీసి, నేనే విరగ్గొడితి. పోత మంచిదే. నేనే."

జయన్న తిట్టలేదు. తిడతాడని, సంచి మొహాన కొడతాడని యేసురత్నం నిలబడే ఉన్నాడు. జయన్న మొండి చేతిని కుడిచేత్తో పట్టుకుని, బండి పోయిన వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ దుమ్ము కూడా అణిగిపోయింది. బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కారు. ఇద్దరికీ ముందు వెనక సీట్లు దొరికాయి. బస్సు కదిలాక జయన్న వెనక్కి తిరిగి, అతని చెవి దగ్గరికి వంగి, బస్సంతా ఇటు తిరిగేంత గట్టిగా అరిచాడు.

"టీచరమ్మకు చెప్పమనింది! నాయినను నేను చెప్తే టీచరమ్మ వినదంట, పెద్దమనిషివి నువ్వు పోయి చెప్పమనింది! రిజిస్టరులో పేరు కొట్టేయద్దని! ఇనపడెనా?"

"వినపడింది," అన్నాడు యేసురత్నం.